పంటు దాటితే మరో ప్రభుత్వం

మా ఊరు కోనసీమలో, ఎదుర్లంకకు కూతవేటు దూరం. బాలయోగి పేరు పెట్టిన వంతెన రాకముందు యానాం వెళ్ళాలంటే రేవులో పంటు ఎక్కి గౌతమి దాటాలి. అవతలి ఒడ్డున ఫరంపేటలో మా పెద్దమ్మ ఇల్లు. వేసవి సెలవులు సగం అక్కడే గడిచేవి. రెండు ఒడ్డుల్లోనూ ఒకే మాట, ఒకే చేపల పులుసు. గోదావరి పొంగితే ఇద్దరికీ ఒకే భయం. తేడా బోర్డుల మీద మాత్రమే కనిపించేది. యానాం పుదుచ్చేరి అనే కేంద్రపాలిత ప్రాంతంలో భాగం కాబట్టి, అవతల ప్రభుత్వ కార్యాలయాల మీద తెలుగు పక్కన తమిళం కూడా ఉండేది. ఆ అక్షరాలు మా ఇంటి సంగతుల్లోకి ఎంత దూరం వస్తాయో 1994లో తెలిసింది.

ఆ ఏడాది పెదనాన్నగారు పోయారు. ఆయన యానాంలో చిన్న ప్రభుత్వ ఉద్యోగి. పెద్దమ్మకు రావలసిన కుటుంబ పింఛను కోసం అన్నయ్య అర్జీ రాసి ఇచ్చాడు. యానాంలో కాగితం తీసుకున్నారు, ముద్ర వేశారు, పుదుచ్చేరికి పంపారు. ఆ తర్వాత కబురు లేదు. నాలుగు నెలలు చూసి అన్నయ్య కాకినాడలో సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసులో దిగి, బస్సు పట్టుకుని పుదుచ్చేరి వెళ్ళాడు. అక్కడ ఒక కార్యాలయంలో ఫైలు దొరికింది. పెద్దమ్మ వేలిముద్ర వేసిన అర్జీ తెలుగులో ఉంది, ఆ గదిలో తెలుగు చదవగలిగిన మనిషి లేడు. అందుకని అది పక్కన ఉండిపోయింది. అలా మూడుసార్లు తిరిగాడు. మొత్తం 14 నెలలు పట్టింది. అక్కడ ఎవరూ దురుసుగా మాట్లాడలేదని, పైసా అడగలేదని అన్నయ్య ఇప్పటికీ చెబుతాడు. అందుకే ఆ సంగతి నన్ను వదలలేదు. ఒక చెడ్డ మనిషి అడ్డుపడి ఉంటే అతని మీద కోపం తెచ్చుకుని ఊరుకునేవాణ్ణి.

మూడో ప్రయాణానికి అన్నయ్య సంచి సర్దుకుంటుంటే పెద్దమ్మ అడిగింది: "కాకినాడలో కలెక్టరుగారి ఆఫీసు ఉంది కదరా, అక్కడ ఇస్తే తీసుకోరా?" అన్నయ్య చెప్పిన జవాబు, "అది మన ప్రభుత్వం కాదమ్మా." కాకినాడ యానానికి 30 కిలోమీటర్లు కూడా ఉండదు. పుదుచ్చేరి 800 కిలోమీటర్లకు పైనే.

యానాంకు వచ్చే ఉత్తరం మీద 533464 అని పిన్‌కోడు రాస్తాం. అది తూర్పు గోదావరి వరుసలోని అంకె. ఫోనుకు 0884, అంటే కాకినాడ కోడే. బండి నంబరు దగ్గరకు వస్తే పీవై 04. హైకోర్టుకు వెళ్ళవలసి వస్తే అమరావతి కాదు, చెన్నై వెళ్ళాలి, పుదుచ్చేరి అంతా మద్రాసు హైకోర్టు పరిధి కాబట్టి. చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్న 30 చదరపు కిలోమీటర్ల నేల ఇన్ని దిక్కులకు జవాబు చెప్పుకుంటుంది. గీత ఇటు ఉంటే ఒక చట్టం, అటు ఉంటే మరొకటి అన్న అనుభవం ఆ ఊరికి పాతదే. 1929లో శారదా చట్టం వచ్చి బాల్యవివాహాలను నిషేధించినప్పుడు, ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న యానాంకు అది వర్తించలేదు. బ్రిటిషు సీమ నుంచి పిల్లలను తీసుకువచ్చి అక్కడ పెళ్ళిళ్ళు చేసేవారు. ఊరికి కల్యాణపురం అన్న పేరు అలా వచ్చింది. ఎంత మంగళకరంగా వినిపించే పేరు! దాని వెనుక ఎంతమంది పసిపిల్లల బతుకులున్నాయో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

పుదుచ్చేరికి రాష్ట్ర హోదా ఇవ్వాలా, యానాంను ఆంధ్రప్రదేశ్‌లో కలపాలా అన్న చర్చ తరచూ వింటాం. నేను చెప్పదలచుకున్నది అంతకంటే ముందుది. మనిషి ఓటు, అతని ఫైలు మీద సంతకం చేసే చేతిదాకా చేరాలి. మన సమాఖ్యలో కేంద్రపాలిత ప్రాంతం అనే మెట్టు ఆ చేరికను సగంలో ఆపేస్తోంది. ఆ అన్యాయాన్ని ఎదిరించే రాష్ట్రాలూ ప్రాంతాలూ తమ కింది మెట్టు పట్ల సరిగ్గా అదే పని చేస్తున్నాయి. ఈ రెండో సంగతి ఒప్పుకోకుండా మొదటిది వాదించడం నాకు చేతకాదు.

రాజ్యాంగం మొదటి అధికరణం ఇండియాను రాష్ట్రాల యూనియన్ అంటుంది. అయితే దేశపు నేలను లెక్కపెట్టేటప్పుడు రాష్ట్రాలతో పాటు కేంద్రపాలిత ప్రాంతాలను విడిగా చెబుతుంది. ఇప్పుడు 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాలు. రాష్ట్రానికి తన అధికారం నేరుగా రాజ్యాంగం నుంచే వస్తుంది. కేంద్రపాలిత ప్రాంతాన్ని 239వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి ఒక పాలకుడి ద్వారా పాలిస్తారు. రాష్ట్రపతి అంటే ఆచరణలో కేంద్ర హోం మంత్రిత్వ శాఖ. ఈ ఎనిమిదిలో ఢిల్లీ, పుదుచ్చేరి, జమ్మూ కశ్మీర్‌లకు శాసనసభలు ఉన్నాయి. మిగిలిన అయిదింటికి అదీ లేదు. అండమాన్‌లో, లక్షద్వీప్‌లో, చండీగఢ్‌లో ఉండేవాళ్ళు ఎమ్మెల్యే అనే మనిషికి ఓటే వేయరు.

ఈ మెట్టును కట్టినప్పటి ఉద్దేశం మంచిదే అయి ఉండవచ్చు. 1950లో రాష్ట్రాలు ఏ, బీ, సీ తరగతులుగా ఉండేవి. రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ తర్వాత 1956 నవంబరు 1న ఆ తరగతులు పోయి 14 రాష్ట్రాలు, 6 కేంద్రపాలిత ప్రాంతాలు మిగిలాయి. ఆ ఆరింటిలో హిమాచల్ ప్రదేశ్ 1971లో, మణిపూర్, త్రిపురలు 1972లో రాష్ట్రాలయ్యాయి. ఆ తర్వాత ఈ మెట్టు మీదికి వచ్చిన మిజోరం, అరుణాచల్, గోవాలు 1987లో పైకి వెళ్ళాయి. అంటే ఒక తరం పాటు ఇది రేవులో పంటు కోసం ఆగే పాక వంటిది. కాసేపు కూర్చుంటారు, దాటి వెళతారు. పుదుచ్చేరి మాత్రం 1962లో వచ్చి అక్కడే కూర్చుంది. చిన్నది కాబట్టి అంటారు. 2011 జనాభా లెక్కల్లో పుదుచ్చేరి జనం 12,47,953. అదే లెక్కల్లో మిజోరం దాదాపు 11 లక్షలు, సిక్కిం 6 లక్షల పైచిలుకు. ఆ రెండూ రాష్ట్రాలే. కాబట్టి చిన్నదనం కారణం కాదు.

ఈ మెట్టు మీద పాలన ఎలా నడుస్తుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే యానాం అవతల ఉన్న మన వాళ్ళలో చాలామందికి ఇది తెలియదు. 1963లో పార్లమెంటు చేసిన కేంద్రపాలిత ప్రాంతాల ప్రభుత్వ చట్టమే పుదుచ్చేరి శాసనసభకు ఆధారం. రాష్ట్ర జాబితాలోని విషయాల మీద ఆ సభ చట్టాలు చేయవచ్చు. అవే విషయాల మీద పార్లమెంటూ చేయవచ్చు, రెండూ ఢీకొంటే పార్లమెంటుదే నిలుస్తుంది. బడ్జెట్టును సభలో పెట్టే ముందు రాష్ట్రపతి అనుమతి తీసుకోవాలి. మంత్రివర్గానికీ లెఫ్టినెంట్ గవర్నరుకూ అభిప్రాయం కుదరకపోతే, విషయాన్ని ఆయన రాష్ట్రపతికి నివేదిస్తారు. ఆ నిర్ణయం వచ్చేలోగా, అత్యవసరమని తోస్తే, తనకు తోచిన చర్య తాను తీసుకోవచ్చు. రాష్ట్రంలో గవర్నరు మంత్రివర్గం సలహా మేరకు నడుచుకోవడం సాధారణ నియమం. ఇక్కడ మంత్రివర్గం సలహా ఇస్తుంది, కాదనే దారి మాత్రం చట్టంలోనే రాసి ఉంది.

ఈ దారి ఎక్కడిదాకా పోతుందో ఉచిత బియ్యం వివాదంలో చూశాం. రేషను కార్డులకు బియ్యమే ఇస్తామని ఎన్నికైన మంత్రివర్గం అంది. బియ్యం బదులు డబ్బు బ్యాంకు ఖాతాలో వేయాలని అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ కిరణ్ బేదీ పట్టుబట్టారు. మిగతా తగవులతో పాటు ఇదీ ముదిరి, 2019 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి నారాయణస్వామి లెఫ్టినెంట్ గవర్నరు ఉండే రాజ్‌నివాస్ ముందు రోడ్డు మీద రోజుల తరబడి ధర్నాకు కూర్చున్నారు, రాత్రిళ్ళు అక్కడే పడుకున్నారు. చివరికి కేంద్రం లెఫ్టినెంట్ గవర్నర్ వైపు నిలిచింది, హైకోర్టూ తప్పు పట్టలేదు, డబ్బే నెగ్గింది. డబ్బు ఇవ్వడమే మెరుగని వాదించేవాళ్ళున్నారు, వాళ్ళ వాదనలో బలం లేదనను. కానీ ఇంట్లో కుండలోకి బియ్యం రావాలా నోటు రావాలా అన్నది ఆ ఇంటివాళ్ళ ఓటుతో వచ్చినవాళ్ళు తేల్చవలసిన సంగతి. వాళ్ళు తప్పు చేస్తే అయిదేళ్లకు దింపవచ్చు. లెఫ్టినెంట్ గవర్నరును ఫరంపేట ఎలా దింపుతుంది?

సభలో కూడా అంతే. పుదుచ్చేరి శాసనసభలో 30 మంది ఎన్నికైన సభ్యులు, ముగ్గురి వరకు కేంద్రం నామినేట్ చేసేవారు. 2017లో కేంద్రం ఎన్నికైన ప్రభుత్వాన్ని అడగకుండా ముగ్గురిని నియమించింది. ముగ్గురూ కేంద్రంలో అధికారంలో ఉన్న పార్టీవారే. ఆ పార్టీ 2016 ఎన్నికల్లో అక్కడ ఒక్క సీటూ గెలవలేదు. ఈ నియామకం సరైనదేనని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టంలో సంప్రదించాలని లేదు కాబట్టి తీర్పును తప్పుపట్టలేను, తప్పు చట్టంలో ఉంది. 2021 ఫిబ్రవరి 22న బలపరీక్ష రోజున నామినేటెడ్ సభ్యులకు ఓటు ఉందా లేదా అన్నదే సభలో పెద్ద గొడవ. ప్రభుత్వం పడిపోయింది. ఒక రాష్ట్ర శాసనసభలో, ప్రజలు ఎన్నుకోని ముగ్గురి చేతులు మంత్రివర్గం తలరాతను తేల్చే పరిస్థితిని మనం ఊహించగలమా? అంతకు ఆరు రోజుల ముందే కిరణ్ బేదీని తప్పించి, తెలంగాణ గవర్నరుగా ఉన్న తమిళిసై సౌందరరాజన్‌కు అదనపు బాధ్యత ఇచ్చారు. ఆ అదనపు బాధ్యత 2024 మార్చి దాకా, మూడేళ్లకు పైగా సాగింది.

డబ్బు విషయంలో ఇంకో విడ్డూరం. జీఎస్టీ మండలిలో పుదుచ్చేరిని రాష్ట్రంగానే లెక్కిస్తారు, అలా లెక్కించాలని రాజ్యాంగంలోనే ఉంది. ఆర్థిక సంఘం దగ్గర మాత్రం అది రాష్ట్రం కాదు. కేంద్ర పన్నుల్లో వాటా హక్కుగా రాదు, ఏటా కేంద్రం ఇచ్చే గ్రాంటు కోసం చూడాలి. పన్ను వసూలు చేసేటప్పుడు రాష్ట్రం అయి, వాటా పంచేటప్పుడు కాకుండా పోవడాన్ని ఏ పెద్దమనిషి న్యాయమంటాడు?

ఇదంతా ఒక మూలనున్న చిన్న ప్రాంతపు గోడు అని కొట్టిపారేసే వీలు 2019తో పోయింది. అప్పటివరకు ఈ మెట్టు మీంచి పైకి వెళ్ళడమే మనకు తెలుసు. ఆ ఏడాది అక్టోబరు 31న ఒక పూర్తి రాష్ట్రం కిందికి దిగింది. జమ్మూ కశ్మీర్ రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా మారింది. 3వ అధికరణం ప్రకారం సంబంధిత శాసనసభ అభిప్రాయం తెలుసుకోవాలి. అప్పటికే ఆ సభ రద్దయి ఉంది, రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన. దాంతో సభ చెప్పవలసిన అభిప్రాయం కూడా పార్లమెంటే చెప్పింది. 370వ అధికరణం గురించి ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు, నేను దానిలోకి వెళ్ళడం లేదు. హోదా తగ్గించడం వేరే సంగతి. 2023 డిసెంబరు 11న సుప్రీంకోర్టు లద్దాఖ్‌ను విడదీయడాన్ని సమర్థించింది. ఒక రాష్ట్రాన్ని మొత్తంగా కేంద్రపాలిత ప్రాంతంగా మార్చవచ్చా అన్న ప్రశ్నను మాత్రం తేల్చకుండా వదిలేసింది. జమ్మూ కశ్మీర్‌కు రాష్ట్ర హోదా తిరిగి ఇస్తామని కేంద్రం తరఫున సొలిసిటర్ జనరల్ ఇచ్చిన మాటే అందుకు కారణం. ఆ ప్రశ్న అలా తెరిచి ఉన్నంతకాలం 28 రాష్ట్రాల్లో ఏ ఒక్కటీ నిశ్చింతగా ఉండదని నా భయం. 2024లో అక్కడ ఎన్నికలు జరిగాయి, ముఖ్యమంత్రి వచ్చారు. పోలీసులు మాత్రం ఆయన చేతిలో లేరు.

లద్దాఖ్ సంగతి ఇంకా బాధాకరం. లేహ్ ప్రజలు 2019లో కశ్మీరు నుంచి విడిపోయినందుకు సంతోషించారు. తర్వాత తెలిసింది, శాసనసభ లేదు, ఉన్నది లోక్‌సభకు ఒక్క సీటు. లేహ్‌కూ కార్గిల్‌కూ కొండప్రాంత మండళ్ళు ఉన్నా వాటి అధికారం పరిమితం. భూమి గురించి, ఉద్యోగాల గురించి అడగడానికి తమ మనిషి లేకపోయాడు. రాష్ట్ర హోదా కావాలని, గిరిజన ప్రాంతాలకు స్వపాలన మండళ్ళు ఇచ్చే ఆరో షెడ్యూలు రక్షణ కావాలని ఏళ్ల తరబడి శాంతియుతంగా అడిగారు. 2025 సెప్టెంబరు 24న లేహ్‌లో ఆ నిరసన హింసగా మారి నలుగురు చనిపోయారు. దాని తక్షణ కారణాల గురించి ఎవరెన్ని చెప్పినా, గోడు వినే సభ సొంత ఊళ్ళో లేనప్పుడు జనం వీధిలోకే వస్తారు.

మనకు, తెలుగువాళ్ళకు, ఈ మెట్టు మరీ పరాయిది కాదు. 2013లో విభజన చర్చ ముదిరినప్పుడు హైదరాబాదును కేంద్రపాలిత ప్రాంతం చేయాలన్న మాట గట్టిగా వినిపించింది. మా ప్రాంతంలో చాలామంది దాన్ని సమర్థించారు, నా స్నేహితులు కూడా. నేను అప్పుడే కాదన్నాను. తెలంగాణ కావాలన్నది అక్కడి ప్రజల న్యాయమైన కోరిక. వాళ్ళ రాజధానిని హోం మంత్రిత్వ శాఖ చేతిలో పెట్టమనడం వేరు. ఆస్తుల గురించి, ఉద్యోగాల గురించి భయపడినవాళ్ళ బాధ నాకు అర్థమైంది. కానీ ఆ మందు వాడితే హైదరాబాదులో ఉన్న ఆంధ్రావాళ్ళ ఓటు కూడా పలచబడేదని ఎందుకు ఆలోచించలేదో నాకు అర్థం కాలేదు. యానాంకు ఒకసారి వచ్చి చూడమన్నాను. ఎవరూ రాలేదు.

పుదుచ్చేరికి సంబంధించి ఒక కాగితం ఉంది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. అదే ఏడాది నవంబరు 1న మిగతా ఫ్రెంచి ప్రాంతాలైన పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు పాలన భారతదేశం చేతికి వచ్చింది. 1956 మే 28న రెండు దేశాలూ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఫ్రాన్సు ఆమోదం పొంది 1962 ఆగస్టు 16న అది అమల్లోకి వచ్చింది. ఆ ఒప్పందంలో ఒక మాట ఉంది: ఈ ప్రాంతాల ప్రత్యేక పాలనా హోదాలో ఏ మార్పు చేయాలన్నా ప్రజల అభీష్టం తెలుసుకున్న తర్వాతే చేయాలి. 1979లో పుదుచ్చేరిని పొరుగు రాష్ట్రాల్లో కలిపే ఆలోచనను ప్రధాని మొరార్జీ దేశాయ్ బయటపెట్టినప్పుడు పుదుచ్చేరి భగ్గుమంది, కాల్పుల దాకా వెళ్ళింది. ఆ ఆలోచన అక్కడితో ఆగింది. అడగకుండా చేయడానికి వీల్లేదని జనం చెప్పారు. ఈ ఒక్క మాట, అడిగి చేయడం, దేశంలోని ప్రతి ప్రాంతానికీ రాజ్యాంగంలోనే ఎందుకు ఉండకూడదు? ఫ్రాన్సుతో చేసుకున్న ఒప్పందంలో రాసుకోగలిగిన మర్యాద మన ప్రజలకు మనం ఇవ్వలేమా?

కెనడాలో యూకాన్ అనే ప్రాంతం ఉంది. అది కూడా అక్కడి రాష్ట్రాల వంటిది కాదు, దాని అధికారం దేశ పార్లమెంటు చేసిన చట్టం నుంచే వస్తుంది. 1979 దాకా అక్కడ కేంద్రం నియమించిన కమిషనరే అసలు పాలకుడు. ఆ ఏడాది అక్టోబరులో కేంద్ర మంత్రి జేక్ ఎప్ కమిషనరుకు ఒక లేఖ రాశారు. ఇకమీదట ఎన్నికైన మంత్రివర్గం సలహా ప్రకారమే నడుచుకోవాలి, రోజువారీ పాలన నుంచి తప్పుకోవాలి అని దాని సారాంశం. రాజ్యాంగాన్ని సవరించలేదు. ఒక్క లేఖతో పాలకుడి పదవి అలంకారంగా మారింది. 2003లో భూమి, ఖనిజాల మీద పెత్తనం కూడా ఆ ప్రాంతానికి అప్పగించారు. ఆ లేఖ రాసే నాటికి యూకాన్‌లో పాతికవేల మంది కూడా లేరు. 2021 లెక్కల్లో కూడా 40,232 మందే. యానాం మున్సిపాలిటీలోనే 2011 నాటికి 55,626 మంది ఉన్నారు. పుదుచ్చేరి శాసనసభ రాష్ట్ర హోదా కోరుతూ పదిసార్లకు పైగా తీర్మానాలు చేసింది. ఆ హోదా వచ్చేదాకా ఆగనవసరం లేకుండా, ఢిల్లీ నుంచి అటువంటి లేఖ ఒకటి రేపే రావచ్చు.

ఇక్కడిదాకా చదివిన పుదుచ్చేరి మిత్రులు సంతోషిస్తారు. వాళ్ళను ఇప్పుడు ఒక ప్రశ్న అడగాలి. మీరు ఢిల్లీని అడుగుతున్నది యానాంకు ఎందుకు ఇవ్వలేదు?

30 సీట్ల సభలో పుదుచ్చేరి జిల్లాకు 23, కారైకాల్‌కు 5, మాహేకు 1, యానాంకు 1. జనాభాతో భాగిస్తే సగటున సుమారు 41,600 మందికి ఒక సభ్యుడు. పుదుచ్చేరిలో, కారైకాల్‌లో, మాహేలో లెక్క దాదాపు అంతే వస్తుంది. యానాంలో 55,626 మందికి ఒక్కడు. ఈ నాలుగు ముక్కల్లో ఓటు విలువ ఇంతగా తగ్గింది ఇక్కడే. ఆ ఒక్కడు ఎంత గట్టివాడైనా 30 మందిలో ఒక్కడే. 2021లో యానాం ఓటర్లు, తర్వాత ముఖ్యమంత్రి అయిన రంగస్వామిని తమ ఊళ్ళో ఓడించి ఒక స్వతంత్ర అభ్యర్థిని గెలిపించారు. ఆ ఫలితంలో నాకు పొగరు కనిపించలేదు. తమ గడప తెలిసిన మనిషి కావాలన్న ఆరాటం కనిపించింది. అయినా ఊరి రోజువారీ పాలన ప్రాంతీయ పరిపాలనాధికారి చేతిలో ఉంటుంది. ఆయన జవాబు చెప్పేది పుదుచ్చేరికి, ఆ పుదుచ్చేరిని పట్టి ఆడించేది ఢిల్లీ.

పోనీ మున్సిపాలిటీ ఉంది కదా అనుకుంటాం. ఫ్రెంచివాళ్ళు 1880లోనే ఈ ప్రాంతాల్లో మున్సిపాలిటీలు పెట్టారు, యానాంకు మేయరు ఉండేవారు. స్వతంత్ర భారతంలో పుదుచ్చేరి ప్రాంతమంతటా 1968 తర్వాత స్థానిక ఎన్నికలు మళ్ళీ జరిగింది 2006లో. 38 ఏళ్ల విరామం, అదీ కోర్టుల జోక్యం తర్వాత. ఆ పాలకవర్గాల గడువు 2011లో ముగిసింది, ఎన్నికలు మళ్ళీ అటకెక్కాయి. కాంగ్రెస్ ఉన్నా, రంగస్వామి ఉన్నా ఇందులో తేడా లేదు. మాకు అధికారాలు లేవని లెఫ్టినెంట్ గవర్నరు మీద ఫిర్యాదు చేసే ప్రభుత్వాలు, తమ చేతిలో ఉన్న ఈ చిన్న పనిని చేయలేదు. పెద్దమ్మ ఫైలు 1994లో 800 కిలోమీటర్లు ఎందుకు వెళ్ళిందో దీనిలోనే ఉంది. ఆ పింఛను మంజూరు చేయడానికి యానాంలో ఒక చేయి సరిపోయేది. ఆ చేతికి అధికారం ఇవ్వకుండా చేసింది ఢిల్లీ కాదు.

నాలుగు ముక్కలు మూడు భాషల మధ్య చెల్లాచెదురుగా ఉన్న ప్రాంతానికి స్వపాలన కుదరదని అనేవాళ్ళకు కూడా జవాబు ఇదే అనుకుంటాను. చెల్లాచెదురుగా ఉన్నదానికి ఒకే చోటు నుంచి పాలన ఇంకా కుదరదు. యానాంకు, మాహేకు, కారైకాల్‌కు ఎన్నికైన ప్రాంతీయ మండళ్ళు కావాలి. వాటికి సొంత బడ్జెట్టు, స్థానిక ఉద్యోగుల మీద అజమాయిషీ, తమ భాషలో ఫైలు నడిపే హక్కు చట్టంలో రాసి ఇవ్వాలి. ఇది రాష్ట్ర హోదాతో పాటు రావాలి. రాష్ట్ర హోదా ఒక్కటే వస్తే ఫరంపేట నుంచి చూసినప్పుడు మారేది బోర్డు మాత్రమే.

ఇదే వేలు ఇటు ఒడ్డు వైపు కూడా చూపాలి. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీల గడువు 2018 ఆగస్టులో ముగిస్తే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. దాదాపు రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి అదే కథ, ఎన్నికలు 2025 డిసెంబరులో. గడువు ముగిసేలోగా ఎన్నికలు జరిపి తీరాలని 243ఈ అధికరణం చెబుతోంది. ప్రత్యేకాధికారి అంటే ఎవరు? ప్రభుత్వం నియమించిన, ఊరు దింపలేని పాలకుడు. లెఫ్టినెంట్ గవర్నరుకు గ్రామస్థాయి రూపం. ఢిల్లీలో లెఫ్టినెంట్ గవర్నరు పెత్తనాన్ని విమర్శిస్తూ మన పత్రికల్లో ఎన్నో వ్యాసాలు వచ్చాయి, నేను ఇష్టంగా చదివాను. అదే సమయంలో మా ఊరి పంచాయతీకి తాళం వేసి ఉంది. వీధిదీపం వెలగడం లేదని చెప్పుకోవడానికి వెళితే, ఆరు ఊళ్ళకు ఒకే అధికారి, ఆయన ఏ రోజు వస్తారో గుమాస్తాకూ తెలియదు.

ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం గ్రాంట్లు ఆగిపోతాయి. ఆ సంగతి తెలిసి కూడా రాష్ట్రాలు ఎన్నికలు ఆపుతాయి. 11వ షెడ్యూలులో 29 అంశాలు పంచాయతీలకు రాసి ఉన్నాయి. వాటిని బదలాయించడం రాష్ట్రాల ఇష్టానికి వదిలారు, ఆ ఇష్టం 1993 నుంచి ఇప్పటిదాకా పూర్తిగా పుట్టలేదు. పన్నుల వాటా కోసం ఢిల్లీతో పోరాడే ముఖ్యమంత్రులను నేను సమర్థిస్తాను. వాళ్ళ మాట సర్పంచి నోట వినిపించినప్పుడు వాళ్ళే చెవులు మూసుకుంటే, ఆ పోరాటంలో నాకు సగం నమ్మకం పోతుంది.

2024 దీపావళికి యానాం వెళ్ళాను. పెద్దమ్మ ఇప్పుడు లేదు. వంతెన మీంచి బస్సులో వెళితే గౌతమి దాటడానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు. పాత రేవులో పంటు లేదు, మెట్లు మాత్రం ఉన్నాయి. అన్నయ్య కూతురికి కొత్తగా ఓటరు కార్డు వచ్చింది, తెచ్చి చూపించింది. 2006లో పుట్టిన పిల్ల. అన్నయ్య మున్సిపల్ ఎన్నికలో ఓటు వేసింది ఆ ఏడాదే, ఆ ఒక్కసారే. ఆమె కార్డును వెనక్కీ ముందుకూ తిప్పి చూసి, "బాబాయ్, ఈ కార్డుతో మా వీధి కాలువ బాగుచేయించే మనిషికి ఎప్పుడు ఓటు వేయాలి?" అని అడిగింది. అన్నయ్య నా వైపు చూశాడు. నా దగ్గర తారీఖు లేదు.